తులసి యేల వాడును?
ఇంటి మొక్కల ఆకుల తెగుళ్ళు - వాని చికిత్స

కోటలోని తులసి వాడినచో ఆ యింట గుసగుసలు మొదలగును. అత్తగారు కోడలివంక చూచును. పొరుగింటి పిన్నిగారు గడపలో నిలిచి "ఏమే అమ్మాయీ, మైల కలిసినదా యేమి?" అని యడుగును. ఆ నెలలో ఇంట నెవరికి జ్వరము వచ్చినను, పిల్లవాడు పరీక్ష తప్పినను, అన్నింటికిని ఆ యెండిన కొమ్మయే కారణమని తీర్మానింతురు. మొక్కకు రోగము వచ్చినపుడు మొక్కను పరీక్షింపవలెను గాని మనుష్యులను పరీక్షించుట యేమి న్యాయము? అయినను పెక్కిండ్లలో జరుగుచున్నది అదియే. తులసికి నీరు పోయు పురుషులు అరుదు గనుక నేరము స్త్రీలదే యగును. ఆ స్త్రీలలోను నోరెత్తి బదులు చెప్పజాలని దానిదే యగును.

బహిష్టయిన స్త్రీ తాకినచో, కొందరి మతమున ఆమె నీడ పడినచో, తులసి మాడిపోవునను మాట మనలో చాల పాతది. ఇది మన దేశమునకే పరిమితమైన భ్రమ యని సిగ్గుపడ నక్కరలేదు. 1920వ సంవత్సరమున వియన్నా నగరమున బేలా షిక్ అను శిశువైద్యుడు, కంఠసర్పి వ్యాధికి చర్మపరీక్ష కనిపెట్టి కీర్తి గడించినవాడే, బహిష్టయిన పరిచారిక చేతికిచ్చిన గులాబీలు వాడిపోయినవని చూచి, ఆ దినములలో స్త్రీ దేహమునుండి యొక విషము వెలువడునని వ్రాసెను. గొప్ప వైద్యుని నోటినుండి వచ్చిన మాట గనుక పలువురు పండితులు దశాబ్దముల తరబడి ఆ విషమును వెదకిరి. అట్టి విష మేదియు నేటివరకు నిరూపింపబడలేదు. ఆచారము పాటించుట, మానుట ఎవరి యిష్టము వారిది. కాని మొక్క యెండుటకు దానిని కారణముగా జెప్పుట మాత్రము సత్యము కాదు. ఇందులో నొక వింత గూడ కలదు. నిత్యము నీరు పోయునామె మూడు నాలుగు దినములు దూరముగా నుండవలసినపుడు తక్కినవారు ఆ చెంబు ముట్టరు. వైశాఖమాసపు టెండలో చిన్నకోటలోని మొక్కకు మూడు దినములు నీరు లేకున్న వాడక యేమి చేయును? ఆమె తాకుటవలన గాదు, మఱెవ్వరును తాకకపోవుటవలన వాడినది.

అయితే నీరు లేక చచ్చు తులసులకంటె నీరెక్కువై చచ్చునవే నేడు హెచ్చుగా నున్నవని నా యభిప్రాయము. పూర్వపు లోగిళ్ళలో తులసికోట అడుగు నేలతో కలిసియుండెడిది. పోసిన నీరు పోసినట్లే భూమిలోనికి దిగిపోయెడిది. వేరు తనకు వలసినంత లోతునకు పోయెడిది. ఇప్పటి అపార్టుమెంటుల వసారాలలో నుంచు సిమెంటు కోటలు, పింగాణి కోటలు పెక్కింటికి అడుగున రంధ్రమే యుండదు. నేల తడిసి మరకలు పడునని కొందరు ఉన్న రంధ్రమును గూడ మూసివేయుదురు. ఉదయము అత్తగారొక చెంబు, స్నానానంతరము మామగారొక ఉద్ధరిణి, సాయంకాలము కోడలొక గ్లాసు, కార్తికమాసమైనచో వచ్చినవారందరును తలా కొంచెము. ఇంత భక్తిని ఆ చిన్నవేళ్ళు భరింపజాలవు.

వేళ్ళు గూడ గాలి పీల్చును. మట్టిరేణువుల నడుమనున్న సందులలో గాలి నిలిచియుండును. ఆ సందులన్నియు నీటితో నిండినచో వేరునకు ప్రాణవాయువు అందదు. ఊపిరాడక నీరసించిన వేరును పితియమ్ మొదలగు సూక్ష్మజీవులు పట్టి కుళ్ళించును. కుళ్ళిన వేరు నీటిని పైకి లాగలేదు గనుక ఆకు వ్రేలాడును. మనమా వ్రేలాడు ఆకును చూచి, పాపము దప్పికగొన్నదని ఇంకొక చెంబు పోయుదుము. దానితో రోగము ముదురును.

కనుక వాడిన మొక్కను చూచినతోడనే చెంబు నెత్తికొనక, చూపుడువ్రేలిని రెండు కణుపులు మునుగునంతవరకు మట్టిలో గ్రుచ్చి చూడవలెను. మట్టి పొడిగానుండి ఆకు వాడియున్న అది దప్పిక. నిండుగ నీరు పోసిన కొన్ని గడియలలో తేరుకొనును. మట్టి తడిగా నుండియు ఆకు వాడియున్న అది వేరుకుళ్ళు. మట్టినుండి మురుగు వాసన వచ్చుచున్న సందేహమే యక్కరలేదు. అపుడు మొక్కను మట్టిగడ్డతో సహా మెల్లగా బయటికి తీసి వేళ్ళను కడిగి చూడవలెను. తెల్లగా గట్టిగా నున్నవి బ్రతికినవేళ్ళు. గోధుమరంగు తిరిగి, పట్టి లాగిన పైతోలు ఊడివచ్చునవి చచ్చినవి. చచ్చినవానిని కత్తిరించి, వేళ్ళు తగ్గినందుకు సరిపోవునట్లు పైకొమ్మలను గూడ కొంత తగ్గించి, ఎఱ్ఱమట్టి రెండు పాళ్ళు, ఇసుక యొక పాలు, బాగుగ మాగిన పశువులయెరువు ఒక పాలు కలిపిన క్రొత్తమట్టిలో నాటి, నాలుగైదు దినములు నీడపట్టున నుంచవలెను. కోటకు రంధ్రము లేనిచో మొదట అది పొడిపింపవలెను. అది చేయక యెన్ని మందులు వేసినను వ్యర్థము.

పూజవలన మొక్కకు గలుగు చిన్నచిన్న యిబ్బందులను గూడ చెప్పుట మంచిది. కాండమునకు పసుపు కుంకుమలు మెత్తుటకంటె కోటకు పెట్టుట మేలు. నైవేద్యపు పాలు మొదట పోసిన మట్టిపై అట్టకట్టి పులిసి చీమలను పిలుచును. ఒక చుక్క చాలును. కార్తికదీపములను కొమ్మలక్రింద గాక కోటగూటిలో నుంచినచో ఆకులు కమలవు. ఇవి యేవియు భక్తికి లోపము గావు.

కార్తికము దాటి మార్గశిరపుష్యములు వచ్చునప్పటికి తులసి ఆకు చిన్నదై, రంగు మారి, కొమ్మ పుల్లగా తేలుట చూచి చాలమంది భయపడుదురు. తులసి యుష్ణదేశపు మొక్క; చలికి దాని పెరుగుదల మందగించును. అంతేగాక కొన యందు మంజరులు పుట్టి విత్తనము పట్టినచో మొక్క తన బలమంతయు విత్తనమునకే పెట్టి ఆకు నలక్ష్యము చేయును. మంజరులు లేతగానున్నపుడే త్రుంచి విష్ణుపూజకు వాడినచో పూజయు జరుగును, మొక్కయు గుబురై పెరుగును. రెండు మూడేండ్లు నిండిన తులసి మ్రాను తిరిగి ఆకు తగ్గుట గూడ సహజమే. అది వార్ధక్యము, అపశకునము గాదు.

ఇక పురుగుమాట. తులసికి ప్రత్యేకముగా పట్టు పురుగొకటి కలదు. గోధుమరంగుతో, నువ్వుగింజకంటె చిన్నదై, వలవంటి రెక్కలతో నుండును. ఆకు అడుగున గుంపుగా చేరి రసము పీల్చును. ఆకు లోనికి ముడుచుకొని, పసుపు తిరిగి, మాడినట్లు ఎండును. ఆకు అడుగున నల్లని చుక్కలు కనబడును. అవి దాని రెట్టలు. ఇంటివారు పైనుండి చూచి యెండదెబ్బ యనుకొని, మొక్కను నీడలోనికి జరిపి, మఱింత నీరు పోయుదురు. ఆకును త్రిప్పి చూచినవారికి మాత్రమే అసలు దొంగ దొరకును. ముడుచుకొన్న కొనలను త్రుంచి కాల్చివేసి, ఆకుల యడుగున నీటిని వడిగా చిమ్మి, తరువాత నేను చెప్పబోవు కుంకుడు-వేపనూనె మందు చల్లిన చాలును. తులసి తీర్థములోనికిని కషాయములోనికిని పోవునది గనుక దుకాణములలో నమ్ము పురుగుమందులు దానిపై ఎన్నడును చల్లరాదు.

తులసిని విడిచి తక్కిన మొక్కలకు వచ్చుటకు ముందు, ఆకును చదువుటకు పనికివచ్చు సూత్ర మొకటి చెప్పెదను. ఆకు పసుపు తిరిగినది యనగానే, ముదురాకా, చిగురాకా యని చూడవలెను. మొక్క దేహములో కొన్ని పోషకములు కదలగలవు, కొన్ని కదలజాలవు. నత్రజని కొఱతపడినపుడు మొక్క దానిని ముసలి ఆకులనుండి తీసి చిగురులకు పంపును. తల్లి తాను పస్తుండి బిడ్డకు పెట్టినట్లు. కనుక క్రింది ముదురాకులు మొత్తముగా పసుపుబాఱి రాలును. దీనికి మాగిన యెరువో, వానపాములయెరువో నెలకొక గుప్పెడు చాలును. ముదురాకులలోనే యీనెలు పచ్చగా నుండి నడుమ భాగము మాత్రము పసుపైనచో అది మెగ్నీషియము కొఱత. లీటరు నీటిలో నొక చెంచా యెప్సమ్ ఉప్పు కరిగించి మొదట పోయవచ్చును. ఇనుమో, అట్లు కదలునది గాదు. అది కొఱతపడినచో ముదురాకులు పచ్చగానే యుండి చిగురాకులు తెల్లబాఱును. సన్నని పచ్చని యీనెలు వలవలె కనబడును.

ఈ ఇనుపకొఱతకు మన యిండ్లలో మొదట బలియగునది కరివేప. బోరుబావుల సున్నపునీరు నిత్యము పోయుటచే కుండీమట్టి క్షారగుణము పొందును. అట్టి మట్టిలో ఇనుము ఉండియు వేరునకు అందదు, తాళము వేసిన పెట్టెలోని నగవలె. తుప్పుమేకులు మట్టిలో గ్రుచ్చువారు కలరు. పాపము, లోపము ఇనుమునది కాదే! అది కరుగకపోవుటయే చిక్కు. పుల్లమజ్జిగ పోయు మన పెద్దల అలవాటులో మాత్రము కొంత యర్థము కలదు. పులుపు మట్టి క్షారమును కొంచెము తగ్గించును. పలుచగా, నెలకొకటి రెండుసార్లు, ఉప్పు వేయని మజ్జిగ అయినచో హాని లేదు. చిక్కగా పోసిన పాచిపట్టి కంపుకొట్టును. తెలుపు తీవ్రముగా నున్నచో లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కరిగించి, సాయంకాలము చిగురాకులపై చల్లి, పదిదినములకు మరల చల్లవలెను. రెండు మూడుసార్లకు పచ్చదనము తిరిగివచ్చును. చల్లుటకు ముందు వంటకు వలయు ఆకు కోసియుంచుకొనుట మఱువరాదు. ఆ నీరు నాపరాళ్ళపై పడిన మరక పోదు.

కరివేప నిమ్మజాతికి చుట్టము. అందుచే నిమ్మపై వ్రాలు సీతాకోకచిలుకలే దీనిపైనను గ్రుడ్లుపెట్టును. వాని పిల్లపురుగులు మొదట పక్షిరెట్టవలె నలుపు తెలుపులతో నుండి, పెరిగినపిమ్మట ఆకుపచ్చనై, రెండు దినములలో లేతమొక్కను మోడు చేయును. మొక్క యేపుగానున్న ఒకటి రెండింటిని విడిచిపెట్టి పిల్లలకు చూపించుట నాకిష్టము. చిన్నమొక్క అయినచో నిర్దాక్షిణ్యముగా ఏరివేయవలసినదే. చిగురులు మెలికలు తిరిగి, తెల్లని మైనపుదారములు వ్రేలాడుచున్నచో అది వేఱొక పురుగు, నిమ్మచిగుళ్ళకును అదియే శత్రువు. ఆ చిగురులను కత్తిరించి మందు చల్లవలెను.

మందారమునకు పిండినల్లి పట్టని యిల్లు కనబడదు. కొమ్మ సందులలో దూదివలె తెల్లగా పేరుకొని, ఆకులు ముడుచుకొని, మొగ్గలు విచ్చకమునుపే రాలును. క్రింది ఆకులపై జిగురు, దానిపై మసి పూసినట్లు నల్లని బూజు. ఆ మసిని తుడిచి ప్రయోజనము లేదు. అది పిండినల్లి విడుచు తీపిరసముపై పెరిగినది. ఆ తీపికై చీమలు చేరి, పిండినల్లిని కాపాడి, కొమ్మనుండి కొమ్మకు చేరవేయును. కనుక మొదట చీమల దారి మూయవలెను. కుండీని నీటిపళ్ళెములో, ఇటుకముక్కపై నిలిపి, కొమ్మలు గోడకు తగులకుండ జరిపిన చీమ యెక్కలేదు.

ఇచ్చట నొక హెచ్చరిక. పిండినల్లి గుంపులో, దానికంటె పెద్దదై, చుఱుకుగా పరుగెత్తుచు, ఒడలంతయు తెల్లని మైనపు కుచ్చులతో నుండు పురుగు కనబడినచో దానిని చంపకుడు. అది అక్షింతల పురుగు జాతిలో నొకదాని పిల్ల. పిండినల్లినే తిని బ్రతుకును. 1898లో ఈ జాతిని ఆస్ట్రేలియానుండి మన దేశమునకు తెచ్చి కాఫీతోటలలో విడిచిరి. ఇట్టిదే యింకొక కథ. 2008లో కోయంబత్తూరు ప్రాంతమున క్రొత్తగా కనబడిన బొప్పాయి పిండినల్లి బొప్పాయినేగాక మల్బరీని, మందారమును గూడ పట్టి దక్షిణదేశమంతటను వ్యాపించెను. పురుగుమందులకు లొంగలేదు. 2010లో ప్యూర్టోరికోనుండి కంటికి ఆననంత చిన్న కందిరీగజాతి పురుగును తెప్పించి విడిచిన పిమ్మట, అది పిండినల్లి దేహములోనే గ్రుడ్లుపెట్టి దాని నడచివేసెను. ఇంటిలోనివారు మందుడబ్బా చేతబట్టి కనబడిన పురుగునెల్ల చంపినచో మొదట చచ్చునవి యిట్టి మిత్రులే.

ఇక మందు. నాలుగైదు కుంకుడుకాయలు గింజ తీసి రాత్రి నానవేసి, ఉదయము పిసికి వడగట్టవలెను. ఆ నురుగు రసములో నొక చిన్నచెంచా, అనగా సుమారు 5 మిల్లీలీటర్లు, వేపనూనె వేసి పాలవలె తెల్లగా కలియువరకు చిలికి, పిదప లీటరు నీటిలో కలుపవలెను. నూనె నీటిలో నేరుగా వేసిన తేలి, ఆకును కాల్చును. కుంకుడు దానిని నీటితో కలుపును. ఏనాటికానాడు చేసికొనవలెనే గాని నిలువయుంచరాదు. ఎండ తగ్గినపిమ్మట, ముఖ్యముగా ఆకుల యడుగున, తడియునట్లు చల్లవలెను. మొదటిసారి రెండాకులపై మాత్రము చల్లి ఒక దినము వేచిచూచుట వివేకము; కొన్ని మొక్కల లేతాకులు ఓర్వలేవు. గ్రుడ్లు దీనికి చావవు గనుక వారమున కొకసారి చొప్పున మూడుసార్లు చల్లవలెను. ఒక్కసారి చల్లి పనిచేయలేదని విడుచువారే యెక్కువ. తులసికిని కరివేపకును చల్లినచో వారము దినములు ఆగి, కడిగి వాడుకొనవలెను.

వేసవిలో ఆకుపై సూదితో పొడిచినట్లు తెల్లచుక్కలు పడి, కొనలయందు సన్నని సాలెగూడువంటి పొర కట్టినచో అది ఎఱ్ఱనల్లి. దీనికి ఎనిమిది కాళ్ళు. ఇది పురుగుజాతి కాదు, సాలెపురుగునకు చుట్టము. సామాన్యపు పురుగుమందులు దీనిని చంపవు సరికదా, దీనిని తిను జీవులను చంపి దీని వంశమును పెంచును. పొడిగాలి, దుమ్ము దీనికి ప్రియము. దినము విడిచి దినము ఉదయమున ఆకు అడుగును నీటితో కడిగిన చాలవరకు శాంతించును.

గులాబికి నల్లమచ్చ తెగులు వానకాలపు వ్యాధి. రాత్రియంతయు ఆకు తడిగానుండుటచే వచ్చును. సాయంకాలము తలమీద నీళ్ళు పోయుట మాని, ఉదయము మొదట పోయవలెను. రాలిన మచ్చల ఆకులను కుండీలో నుంచక తీసివేయవలెను. మల్లె విషయమున నొక్కమాట చాలును. పుష్యమాసమున తోటలవారు నీరు తగ్గించి, కొమ్మ కత్తిరించి, ఆకు దూయుదురు. అపుడు మోడైనదని దుఃఖింప నక్కరలేదు.

ఇంటిలోపల నుంచు మనీప్లాంటు, క్రోటను, డ్రసీనా మొదలగువాని కథ వేఱు. నర్సరీయెండలో పెరిగిన మొక్కను తెచ్చి చీకటిమూలలో నుంచినచో రెండు వారములలో సగము ఆకు రాల్చును. క్రోటను తన యెఱుపు పసుపులను విడిచి వట్టి పచ్చనగును. ఇది రోగము గాదు, వెలుతురు లేమి. కిటికీ దగ్గరకు జరుపవలెను. డ్రసీనా ఆకుల కొనలు, అంచులు కాలినట్లు గోధుమరంగు తిరుగుట మాత్రము తఱచుగా నీటిలోని దోషము. లవణములు కుండీలో పేరుకొని ఆకుకొనకు చేరును. ఫ్లోరైడు ఎక్కువగా నున్న నీటికి డ్రసీనా మిక్కిలి సుకుమారమైనది. నల్లగొండ జిల్లా బావులనీరు మనుష్యుల యెముకలకు చేసిన యపకారము తెలుగువారెఱుగనిది కాదు. అదే ద్రవ్యము ఈ ఆకులకును పడదు. అట్టి తావులలో వాననీరు పట్టి పోసిన మంచిది. నీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. యంత్రమునుండి గొట్టముద్వారా వెలుపలికి వచ్చు నీరు వృథా యగుచున్నదని దానిని మొక్కలకు పోయు మితవ్యయపరులు కలరు. ఉద్దేశము మంచిదే, కాని అందులో వడగట్టబడిన లవణములన్నియు చేరియుండును. అది నేల కడుగుటకు వాడుకొనవచ్చును. ఉప్పు వేసిన గంజియు మొక్కకు పోయరాదు. బియ్యము కడిగిన నీరు, అప్పటికప్పటిదైనచో, నిరభ్యంతరము.

క్రొత్తమొక్క తెచ్చినపుడు దానిని తక్కినవానితో కలుపక రెండు వారములు వేఱుగా నుంచి, ఆకుల యడుగులు చూచి యంతట చేర్చుకొనవలెను. చికిత్స ప్రారంభించినపిమ్మట మచ్చపడిన పాత ఆకు తిరిగి బాగుపడునని యెదురుచూడరాదు, అది బాగుపడదు. క్రొత్తగా వచ్చు చిగురు ఎట్లున్నదో చూడవలెను. మూడు వారములు గడచినను చిగురులోను అదే దోషము కనబడుచున్నచో, తెగులాకులను కాగితములో చుట్టి జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రమువారికి చూపవచ్చును.

తులసివిషయమున మాత్రము ఎల్లపుడును మఱియొక మొక్క సిద్ధముగా నుంచుకొనుట మంచిది. ఎండిన మంజరిని అఱచేతిలో నలిపిన ఆవగింజలకంటె చిన్నవైన విత్తనములు రాలును. వానిని తడిమట్టిపై చల్లి, పైన మట్టి పోయక, వ్రేలితో నొత్తి, చిల్లులున్న పాత గిన్నెలోనైన నుంచినచో ఒకటి రెండు వారములలో మొలచును. నాలుగాకులు వేసినవానిలో గట్టిదానిని కోటలోనికి మార్చి, తక్కినవానిని అడిగినవారికి ఈయవచ్చును.